ఐదు గంటల పాట

కిటికీ మూస్తే నూనె వాసన ఇంట్లోనే ఉండిపోతుందని మా ఆయన, తెరిస్తే పాట లోపలికొస్తుందని నేను. ఆ గొడవ మొదలై అప్పటికి పదకొండు రోజులైంది.

"ఊరంతా వింటోంది. నీ ఒక్కదాని చెవులే బంగారమా?" అన్నాడు తాత్సువో, నేను మూసిన కిటికీ రెక్కను మళ్ళీ పక్కకి తోస్తూ.

"ఊరంతా వింటోందనే మూస్తున్నాను."

"నడి వేసవిలో కిటికీలు బిగించుకుని అన్నం తినే మనుషుల్ని నేనెక్కడా చూడలేదు."

"అద్దంలో చూసుకోండి, కనపడతారు."

మా అమ్మాయి నాగిసాకి పదిహేడేళ్ళు. అన్నం గిన్నె చేత్తో పట్టుకుని మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "మీ వాదన పూర్తయ్యేలోపు పాటే అయిపోతుంది. కూర్చోండి ఇద్దరూ," అంది. మా అత్తగారు ఫుకుయే మాత్రం ఏమీ వినపడనట్టు ముల్లంగి ఊరగాయ ముక్కను పరపరా నములుతోంది. డెబ్భై ఆరేళ్ళొచ్చినా ఆమె పళ్ళన్నీ ఆమెవే. ఆ పరపర, బయట రేవుగట్టు మీది స్పీకర్లోంచి వచ్చే ఆ పాట, రెండూ కలిసేసరికి నాకు ముద్ద దిగేది కాదు.

మేం సాయంత్రం ఐదింటికే భోజనాలు కానిచ్చేస్తాం. పడవల మీంచి దిగిన చిన్నచేపల్ని ముళ్ళతో సహా రుబ్బి, గారెల్లా తట్టి, నూనెలో వేయించి అమ్మడం మా ఇంటి వృత్తి. తెల్లారకముందే లేచేవాళ్ళం, పెందరాళే తినక తప్పదు. ఐదయిందని ఊరికి చెప్పడానికి ఆ స్పీకర్లలో నలభై ఏళ్ళుగా ఒక పాత జోలపాట వాయించేవారు. అది విని పిల్లలు ఆటలు కట్టిపెట్టి ఇళ్ళకి చేరేవారు. ఆ ఏడు జూలై ఒకటో తారీకు నుంచి దాని బదులు రొకుగో వాళ్ళ పాట పెట్టారు.

రొకుగో అంటే ఆరో నంబరు. మా రేవులోని ఆరో నంబరు గోదాములో నలుగురు కుర్రాళ్ళు గిటార్లు, డ్రమ్ములు వాయించుకుంటూ మొదలుపెట్టిన రాక్ బ్యాండ్ అది. ఇప్పుడు వాళ్ళని ఎరగనివాళ్ళు దేశంలో లేరు. వాళ్ళ మొదటి రికార్డు వచ్చి ఆ ఏటికి ముప్ఫై ఏళ్ళు. దాంతో ఊరికి పూనకం పట్టింది. స్టేషన్లో రైలు కదిలేముందు వాళ్ళ పాట. మునిసిపల్ ఆఫీసుకి ఫోన్ చేసి ఎదురుచూస్తుంటే వాళ్ళ పాట. చెత్తబండి వీధిలోకి వస్తే వాళ్ళ పాట. వాటితో నాకే పేచీ లేదు. చెత్తబండిది హుషారుగా బాగానే ఉండేది కూడా. ఐదింటికి వేసేది మాత్రం 'ఏప్రన్'.

'ఏప్రన్' పాటని మావాళ్ళు పెళ్ళిళ్ళలో పాడతారు, బడి చివరిరోజున పాడతారు. "ఏప్రన్ కింద వేసవిని దాచుకున్నదానా, పదమూడు మెట్లెక్కి నీ దగ్గరికి రాలేకపోయాను" అనే చోట ఆడా మగా కళ్ళు తుడుచుకుంటారు. ఎంత లోతైన మాటో అంటారు. అందులో లోతేమీ లేదు. ఏప్రన్ కింద దాచింది వేసవిని కాదు, ఐదోనెల కడుపుని. ఆ పిల్ల మా ఆయన అక్క, సుమాకో. మెట్లు మా ఇంటివి.

పాట రాసి పాడినవాడు మా వీధి చివరి మంగలి కొట్టు వాళ్ళబ్బాయి షూహెయి. అతను గిటారు తీసుకుని తోక్యో బండెక్కేశాడు. మా మామగారు కూతురికి ఏప్రన్ వదులుగా కట్టించి కొట్టు వెనక కూర్చోబెట్టారు. అప్పటికీ దాగక, మేడమీది గదిలో పెట్టి తలుపేశారు. ఆఖరికి కోబెలో ఉన్న పినతల్లి దగ్గరికి పంపేశారు. పుట్టిన ఆడపిల్లని ఎవరికో పెంపకానికి ఇచ్చేశారు. రెండేళ్ళకి పాట వచ్చింది.

ఇందులో ఒక్క ముక్క ఇంట్లోవాళ్ళు నాకు చెప్పలేదు. కాపురానికొచ్చిన మూడో నెలలో చేపల వేలం దగ్గర ఒక ముసలావిడ, "నీకు తెలిసే ఉంటుందిలే," అని మొదలుపెట్టి అంతా చెప్పింది. ఊరందరికీ తెలుసు. ఎవరూ అనరు. అదే మర్యాద అనుకుంటారు.

స్పీకర్లో మాటలుండవు, వట్టి గంటల శబ్దమే. మాటలు వినేవాళ్ళే పూరించుకోవాలి. పూరించుకునేవాళ్ళు కూడా.

*

జూలై నడిమికి అభిమానులు రావడం మొదలైంది. మెడల్లో రొకుగో తువ్వాళ్ళు వేసుకుని, స్టేషన్ నుంచి నడుచుకుంటూ, మంగలి కొట్టు, ఆరో గోదాము చూసుకుని మా కొట్టుకి వచ్చేవారు. ఏ ఇంటి మెట్లో ఇంతకాలం బయటివాళ్ళకి తెలియదు. తెలిసేట్టు చేసింది మా ఆయనే. వెనక తలుపు తీసి పెట్టి, "ఆ మెట్లు ఇవే" అని అట్టముక్క మీద కుంచెతో రాసి కట్టాడు.

ఒకరోజు చాలా దూరం నుంచి, సెందయి నుంచట, ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. నా వయసువాళ్ళే. ఒకామె చెప్పులు విడిచి, గుళ్ళోకి వచ్చినట్టు దణ్ణం పెట్టి, మెల్లగా లెక్కపెడుతూ ఎక్కింది.

"పన్నెండే ఉన్నాయేంటండీ?" అంది పైనుంచి, మోసపోయినదానిలా.

మా ఇంటి మెట్లు పన్నెండే. పదమూడని రాసింది షూహెయి. ఒక్కసారి కూడా ఎక్కనివాడికి లెక్కెలా తెలుస్తుంది?

మర్నాటికి తాత్సువో ఒక పాత చెక్క తెచ్చి అన్నిటికన్నా కింద మెట్టులా మేకులు కొట్టాడు. దానికి రంగు తేడా తెలియకుండా టీ డికాషన్ పూశాడు. ఆ వారంలో మా అత్తగారు దానికి రెండుసార్లు కాలు కొట్టుకుంది. రెండుసార్లూ బొటనవేలు పట్టుకుని కూర్చుంది.

ఆ ఆడవాళ్ళలో రెండో ఆమె కొక్కేనికి తగిలించిన నా ఏప్రన్ని చూసింది. "ఇది వేసుకుని ఒక్క ఫొటో తీసుకోవచ్చా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే మా ఆయన, "అయ్యో, తప్పకుండా!" అంటూ అందించాడు. ఆమె దాన్ని కట్టుకుని, మెట్ల మీద కూర్చుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, దిగులుగా సముద్రం వైపు చూసింది. అటు సముద్రం లేదు. మా మరుగుదొడ్డి ఉంది.

"ఆ అమ్మాయి చనిపోయిందంటారు, నిజమేనా?" అని అడిగింది వెళ్ళేముందు.

మా ఆయన తల వంచి, "కొన్ని విషయాలు రేవు నీళ్ళకే తెలుసండీ," అన్నాడు.

వాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. నేను ఆ ఏప్రన్ని నానబెట్టి రెండుసార్లు ఉతికాను.

"బతికున్న అక్కని చంపేశారు కదండీ నోటితోనే," అన్నాను.

"చంపానా? ఏమన్నాను నేను? నీళ్ళకి తెలుసన్నాను." నా చూపుకి కొంచెం తగ్గాడు. "చిజురూ, నాకప్పుడు పదిహేనేళ్ళు. వాళ్ళ ఉత్తరాలు అటూ ఇటూ మోసింది నేనే. ఆ పాటలో నాకు ఆ మాత్రం భాగం లేదా?"

"మోశారు కాబట్టే మీరు నోరెత్తకూడదు."

"నీకు సంగీతం తెలీదు," అన్నాడు మా ఆయన.

*

మామగారు ఆ ఏడు ఫిబ్రవరిలో పోయారు. ఆసుపత్రిలో రేడియోలో ఆ పాట వస్తే ఆయన గోడవైపు తిరిగి పడుకునేవారు. ఆయన గురించి నా దగ్గరున్న మంచిమాట అదొక్కటే. పోయిన తరవాత వచ్చే మొదటి ఆగస్టు కాబట్టి అది ఆయనకి తొలి బోన్. బోన్ మూడు రోజులూ పోయినవాళ్ళు ఇళ్ళకి వస్తారు. తొలి బోన్ ఉన్న ఇంటివాళ్ళు పదమూడో తేదీ పొద్దున గుమ్మానికి తెల్ల లాంతరు కడతారు. మర్నాడు ఊరి ఆడవాళ్ళు వరసకట్టి వీధులెంట ఆడుకుంటూ వచ్చి, తెల్ల లాంతరున్న గుమ్మం దగ్గర ఆగి, లోపలున్న ఆత్మ కోసం ఒక ఆట ఆడి వెళ్తారు. లాంతరు లేని గుమ్మం దగ్గర ఆగరు.

ఆ ఏడు బోన్ ఆట 'ఏప్రన్'కి కట్టాలని మహిళా సంఘం తీర్మానించింది. నలభై ఏళ్ళుగా ఊరి ఆటలు కడుతున్నది మా అత్తగారే.

ఆడవాళ్ళం ఇరవైముగ్గురం సంఘం హాల్లో చేరాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బార్లీ నీళ్ళ జగ్గులు చుట్టూ తిరుగుతున్నాయి. బోన్ ఆటలో పాటలోని ప్రతి మాటకీ ఒక చేతి కదలిక ఉంటుంది. వల అంటే వల లాగినట్టు, చంద్రుడంటే అరచెయ్యి ఎత్తినట్టు. రేవుకి, పడవకి, వానకి చకచకా కట్టేసింది అత్తగారు. పాట ఏప్రన్ దగ్గరికి వచ్చింది. సంఘం పెద్ద కురోదా గారు టేపు ఆపింది.

"దీనికేం పెడదాం?"

"ముఖం దాచుకున్నట్టు పెడితేనో?" అందొకావిడ.

"దాచింది ముఖం కాదుగా!" అంది వెనక వరసలోంచి ఇంకెవరో.

విసనకర్రల చాటున నవ్వులు పుట్టి అంతలోనే ఆగిపోయాయి. ఒక్కరూ మా అత్తగారి వైపు చూడలేదు. ఇరవై రెండు తలలు ఒక్కసారిగా చూడకపోవడమంటే ఏమిటో ఆరోజు చూశాను. అంతకన్నా నలభై నాలుగు కళ్ళూ ఆవిడ మీద గుచ్చినా బాగుండేది.

అత్తగారు లేచి హాలు మధ్యకి వెళ్ళింది. రెండు అరచేతులూ బొడ్డు కింద చేర్చింది. గుండ్రంగా, నిమ్మళంగా పైకి తెచ్చి, ఏదో కప్పుతున్నట్టు మూసింది.

"ఇలా," అంది. "మోకాళ్ళు కొంచెం వంచాలి. బరువున్నట్టు."

చప్పట్లు కొట్టారు. కురోదా గారు, "అబ్బ, మీకు సాటి లేరండీ," అని టేపు వేసింది. అందరి చేతులూ బొడ్డుకిందకి వెళ్ళాయి. నా చేతులు కూడా. నేను మోకాళ్ళు కూడా వంచాను. ఆ మాట ఇక్కడ రాయకుండా ఉంటే నాకు బాగుండేది.

ఇంటికి వెళ్ళేదారిలో అడిగాను. "ఎలా చేశారు అత్తయ్యా ఆ పని?"

"చెయ్యనంటే, ఎందుకు చెయ్యనంటోందా అని చూస్తారు. చేస్తే ఎవరూ చూడరు."

"అందరూ చూశారు."

"చూసి ఊరుకున్నారుగా. అంతే కావాలి మనకి." కాసేపు నడిచాక, "కురోదా మోకాళ్ళు సరిగ్గా వంగట్లేదు, రేపు చెప్పాలి," అంది.

*

సుమాకో వదినకి ఫోన్ చేశాను. ఆమె కోబెలో ఒక సూపర్ మార్కెట్లో చేపల కౌంటర్లో పనిచేస్తుంది. పెళ్ళి చేసుకోలేదు. ఏటా బోన్‌కి వచ్చి, సమాధి రాయి కడిగి, మూడు రోజులూ వీధి ముఖం చూడకుండా ఉండి వెళ్ళిపోతుంది.

"వదినా, ఐదింటికి ఇక్కడ ఆ పాట వేస్తున్నారు. వచ్చేముందు తెలియాలని."

"మా మార్కెట్లో పొద్దున పదిన్నరకోసారి, సాయంత్రం నాలుక్కోసారి వేస్తారు." ఆమె నవ్వింది. "చేతిలో కత్తి ఉంటుంది చూడు అప్పుడు."

"ఎలా వింటారు రోజూ?"

"వినేదేముంది? చేపల పొట్టలు తీస్తుంటాను. పాట వస్తుంటే ఇక్కడ నా వంక ఎవ్వరూ చూడరు చిజురూ. అంతే తేడా."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"ఒక్కోసారి అనిపిస్తుంది," అందామె. "ఎక్కడో ఆ పిల్ల కూడా స్నేహితులతో పోయి కారియోకీలో ఈ పాట పాడుతూనే ఉంటుంది. ముప్ఫై రెండేళ్ళు నిండుతాయి దానికి. బాగా పాడకూడదని కోరుకుంటాను, ఏం చెయ్యను?"

"వదినా, ఈ ఏడు రావద్దు."

"నాన్న తొలి బోన్. రాకపోతే అదొక మాట పుడుతుంది. పదమూడున వస్తాలే. తమ్ముడికి పీచ్ పళ్ళు ఇష్టం కదా, తేనా?"

*

పదో తేదీన కురోదా గారు, టీవీ మనిషి ఒకడు వచ్చి మా గుమ్మాన్ని టేపుతో కొలిచారు. పద్నాలుగున ఆట మొదట మా గుమ్మం దగ్గరే ఆగుతుందట. కెమెరాలు ఎదురింటి అరుగు మీద పెడతారట. అసలు సంగతి ఏమిటంటే షూహెయి స్వయంగా వచ్చి ఆడవాళ్ళ వరసలో కలిసి ఆడతాడట. మా ఆయన నడుం విరిగేలా వంగి వంగి దణ్ణాలు పెట్టాడు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు. బార్లీ నీళ్ళు మాత్రం ఇంకో గ్లాసు అడిగారు.

భోజనాల దగ్గర నేనే మాటెత్తాను. "మరి మీ అక్క పదమూడునే వస్తోందిగా?"

"అదంతా ఆలోచించాను," అన్నాడు తాత్సువో, గారె ముక్కని ఆవాల ముద్దలో అద్దుకుంటూ. "ఆట జరిగేది గంట. ఆ గంటా మేడ మీద కూర్చుంటుంది. తలుపేసుకుంటే ఎవరికీ కనపడదు."

"ఏ గదిలో?"

"ఏ గదేంటి? మేడ మీదున్నది ఒక్కటే గది కదా!"

నోట్లో ఉన్న ముద్దని చేతిలోకి ఉమ్మేసి సింకులో పారేశాను. నీళ్ళు తిప్పి చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఆవాల ఘాటు పెదాల మీద అంటిన మనిషి మొహం, ఏమీ జరగనట్టు నమిలే ఆ మొహం, ఇరవయ్యేళ్ళుగా నేను దేని ఎదురుగా కూర్చుని తింటున్నానో ఆ మొహం.

"అత్త మేడ మీద ఎందుకుండాలి నాన్నా?" అంది నాగిసా.

వాళ్ళ నాన్న టీవీ సౌండు పెంచాడు. వాళ్ళ నానమ్మ ముల్లంగి నమిలింది.

మర్నాడు చేపలు రుబ్బుతూ నాగిసాకి అంతా చెప్పాను. దాచి, అలంకరించి కాదు. వేలం దగ్గర ముసలావిడ నాకు చెప్పినట్టు కూడా కాదు. మీ అత్తకి నీకన్నా ఒక్క ఏడాది ఎక్కువ అప్పుడు అని చెప్పాను. నాగిసా రుబ్బడం ఆపి లేచింది. చేతులు కడుక్కుని, ఫోన్ తీసి, రొకుగో పాటలన్నీ తుడిచేసింది.

"చెత్తబండి పాట ఉంచుకుంటానమ్మా," అంది చివరికి. "అందులో ఎవరూ లేరు."

*

పన్నెండో తేదీ మధ్యాహ్నం, పోయినవాళ్ళు ఎక్కివచ్చే దోసకాయ గుర్రం, తిరిగి వెళ్ళే వంకాయ ఆవు చేశాను. పుల్లలు గుచ్చితే కాళ్ళు. పోయినవాళ్ళకి దీపం పెట్టే పీఠం మీంచి మామగారి పేరు చెక్కిన నల్లపలకని, ఆయన ఆత్మ వచ్చి నిలిచే పలకని, దించి మెత్తని గుడ్డతో తుడిచి, ఊదారంగు బట్టలో మూటకట్టాను. వదినకి మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఆమె నేను చెప్పిందంతా వింది. ఆ తరవాత, "నా దగ్గర పీఠం లేదు, ఫ్రిజ్ మీద పెడితే తప్పా?" అని అడిగింది.

ఐదింటికి నలుగురం కూర్చున్నాం. కిటికీ తెరిచే ఉంది. ఆ రోజు మూయడానికి నేను లేవలేదు. మా ఆయన గెలిచినట్టు నవ్వి, గ్లాసులో బీరు పోసుకున్నాడు. గట్టు మీద గంటలు మొదలయ్యాయి.

"రేపు పొద్దున ఏడూ పదికి కోబె బస్సులో మామగారిని తీసుకెళ్తున్నాను," అన్నాను. "నాగిసా కూడా వస్తోంది. ఈ ఏడు ఆయన తొలి బోన్ వదిన దగ్గర."

తాత్సువో గ్లాసు కింద పెట్టాడు. "ఏం మాటలివి?"

"వదినతో మాట్లాడాను. రావద్దని చెప్పాను. లాంతరు కూడా సంచిలో పెట్టేశాను."

"లాంతరు లేకపోతే మన గుమ్మం దగ్గర ఆగరే!"

"ఆగరు."

"షూహెయి వస్తున్నాడు. టీవీవాళ్ళు వస్తున్నారు. వాళ్ళకి నేనేం చూపించను?"

"మెట్లున్నాయిగా. పదమూడు."

నాగిసా గిన్నెలోకి తల వంచేసుకుంది. మా ఆయన తల్లి వైపు తిరిగాడు. "చూడమ్మా నీ కోడలు! నాన్న పుట్టి పెరిగిన ఇల్లిది. ఆయన ఎన్నడూ వెళ్ళని చోట ఎలా వెతుక్కుంటాడు? దారెలా తెలుస్తుంది ఆయనకి?"

"పంపించింది ఆయనే కదండీ," అన్నాను. "తెలుస్తుంది."

పాట ఏప్రన్ దగ్గరికి వచ్చింది. మా అత్తగారి నోట్లో పరపర ఆగింది. సగం కొరికిన ముల్లంగి ముక్కని గిన్నె అంచు మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. పాట అయ్యేదాకా ఆ చేతులు కదల్లేదు.

"మీ మామయ్యకి బస్సు పడదు," అంది నాతో. "ముందు సీట్లో కూర్చోబెట్టు."